మెట్టా - మట్టా

విద్యార్థి సంఘం కార్యదర్శి ఫోను చేసి, "సార్, మన వార్షిక సంచికకి పాత విద్యార్థిగా మీరేదైనా రాయాలి. జియాలజీ మీద రాస్తే బావుంటుంది. కానీ అందరికీ అర్థమయ్యేట్టు వుండాలి" అన్నాడు. ఆ చివరి ముక్క అనేటప్పుడు అతని గొంతులో కొంచెం భయం వినిపించింది. అతని తప్పు లేదు. మా శాస్త్రంవాళ్ళు రాళ్ళ గురించి మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. అందుచేత రాళ్ళ జోలికి పోకుండా యిసక గురించి రాస్తాను. లోకంలో వున్న యిసకంతా అక్కర్లేదు. మా వూరి పక్కన వొకప్పుడుండి, యిప్పుడు లేని వొక్క మెట్ట చాలు.

మా వూరు శ్రీకాకుళం జిల్లా తీరాన, నాగావళి మొగకీ వంశధార మొగకీ నడుమ వుంది. పేరు రాయను. రాస్తే మావాళ్ళు చదివి, "ఆ మాట నానెప్పుడన్నాను?" అని దెబ్బలాటకొస్తారు. వూరికీ సముద్రానికీ మధ్య తాటితోపు. తోపు దాటగానే యిసక మెట్ట. మావైపు మెట్ట అంటే చిన్న కొండ అన్నమాట. రాత్రిపూట దానిమీద నిలబడితే కళింగపట్నం లైట్‌హౌసు వెలుగు దూరంగా తిరుగుతూ కనబడేది. చిన్నప్పుడు అది నాలుగు తాటిచెట్ల ఎత్తుందని మా నమ్మకం. తరవాత నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో క్లైనోమీటరు పట్టుకెళ్ళి కొలిస్తే నలభై అడుగులు దాటిందిగానీ యాభైకి చేరలేదు. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. చెపితే పరికరం పాడయిందనేవాళ్ళు.

సముద్రం వేపు మెట్ట మెల్లగా ఎక్కేది. బాలబంద తీగలూ, రావణాసురుడి మీసాలూ అల్లుకుని వుండేవి. (ఆ గడ్డి పేరు అదే. గుండ్రటి ముళ్ళబంతులు గాలికి దొర్లుకుంటూ వొచ్చి కాళ్ళకి గుచ్చుకుంటాయి.) వూరి వేపు మాత్రం నున్నగా, వొక్క మొక్క లేకుండా, గోడలా దిగేది. గాలి సముద్రం వేపునించి యిసకని తోసుకొచ్చి, కొనమీద ఆగి, యివతల పారబోస్తుంది. పొడి యిసకని ఎక్కడ పారబోసినా రమారమి ముప్పైమూడు డిగ్రీల వాలు దగ్గర నిలుస్తుంది. అంతకు మించితే తనంతట తనే జారుతుంది. యిదంతా నాకు వాల్తేరులో తెలిసింది. మా వూళ్ళో అక్షరమ్ముక్క రానివాళ్ళందరికీ అంతకుముందే తెలుసు. ఆ వాలు జారడానికే పుట్టింది.

జారడానికి వొక్క సాధనం చాలు. మట్ట. కొత్తగా నేర్చుకునేవాడికి కొబ్బరి మట్ట. దాని మొదలు వెడల్పుగా, దోనెలా వుంటుంది. అందులో కూచుని, ముందుకు కాళ్ళు చాపి, వెనకవాణ్ణి "తొయ్యి" అంటే చాలు. కానీ కొబ్బరి మట్టమీద కూచుని దిగడం ఆడపిల్లల ఆట అని మగపిల్లలూ, మగపిల్లలకి అదీ రాదని ఆడపిల్లలూ అనేవాళ్ళు. అసలు విద్య తాటి మట్టది. రెండు తాటి మట్టలు కోసి, అంచుల్లో రంపంలా వుండే నల్లటి పళ్ళని కత్తితో చెక్కి, వారం రోజులు ఎండలో పెట్టి, నారతాడుతో కాలికొకటి చొప్పున కట్టుకుని, నిలబడి దిగాలి. పళ్ళు సరిగ్గా చెక్కకపోతే రెండో కాలి పిక్క కోసుకుపోతుంది. నా ఎడం పిక్కమీద యిప్పటికీ వుంది సాక్ష్యం.

నిలబడి జారే విద్యలో ఆదిగురువు మా బావ. మా మేనత్త కొడుకు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఆ విద్య ఎవరి దగ్గర నేర్చాడో ఎవరికీ తెలీదు. బళ్ళో మాత్రం రెండేసి ఏళ్ళు వొక్కో క్లాసులో విశ్రాంతి తీసుకునేవాడు. మెట్టెక్కితే వేరే మనిషి. యిసక ఏ పూట ఎలా వుంటుందో కాలి బొటనవేలితో తడిమి చెప్పేవాడు. పొద్దున మంచుకి తడిసిన యిసక మట్టని పట్టేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటల యిసక అన్నిటికంటే జోరు. కానీ కాలుతుంది. వాన వెలిసిన మర్నాడు మెట్టకేసి చూడకూడదు. మట్టకి నూనె రాస్తే యింకా జోరుగా పోతుందని వొకసారి నేను యింట్లోంచి నువ్వుల నూనె ఎత్తుకొచ్చాను. యిసకంతా దానికి అంటుకుని మట్ట మొండికేసింది. ఆ సాయంత్రం బావ నవ్వాడు, అమ్మ కొట్టింది. యింకోడెవడో డాల్డా డబ్బా రేకు చదును చేసి దానిమీద కూచున్నాడు. బాణంలా దూసుకుపోయింది నిజమే, తాటితోపులో మొదటి చెట్టుదాకా. ఆ రేకు ఎండకెంత కాగిందో అతను వారం రోజులు బోర్లా పడుకున్న తీరుని బట్టి వూరికి తెలిసింది.

దిగేటప్పుడు చప్పుడొకటి వుండేది. మనతో పాటు చుట్టూ యిసక కూడా కదిలి, గొంతులో గురక లాంటి ధ్వని. పాదాల కిందనించి మోకాళ్ళదాకా పాకుతుంది. దాన్ని మాటల్లో చెప్పడం నాకు చాతకాదు. పది క్షణాలు కూడా పట్టని ఆ దిగుడు కోసం మోకాలిలోతు యిసకలో పది నిమిషాలు ఎక్కేవాళ్ళం. రోజుకి యిరవైసార్లు.

మెట్ట అడుగున, తోపు నీడలో, వొక ముసిలమ్మ గంప పెట్టుకుని కూచునేది. సంక్రాంతి రోజుల్లో కాల్చిన తేగలు, వేసవిలో ముంజులు, మిగతా కాలమంతా బెల్లం జీళ్ళు. అప్పు కూడా యిచ్చేది. ఎవడెన్ని బాకీయో గంప అంచుమీద బొగ్గుతో గీతలు. వాన పడి గీతలు చెరిగిపోయిన రోజున మేమంతా దేవుడున్నాడనుకున్నాం. ఆవిడకి మాత్రం అన్నీ నోటికొచ్చు.

కనుమనాడు వూరంతా సముద్రపొడ్డుకి వొచ్చేది. ఆ వొక్కరోజూ ఈడొచ్చిన ఆడపిల్లలు కూడా మెట్టెక్కొచ్చు. మా అప్ప పధ్నాలుగో ఏట, పావడా కాళ్ళమధ్య దోపుకుని, బావ తాటి మట్టలు అడిగి తీసుకుని కట్టుకుంది. పైనించి కిందదాకా వొక్కసారి కూడా వొంగకుండా దిగింది. అంతకు ముందు ఎవరూ అంత దూరం, అంటే తోపులో మూడో చెట్టుదాకా, పోలేదు. మరుసటేడు కనుమకి ఆవిడ అత్తారింట్లో వుంది. మా వూరి మెట్టమీద మొనగాళ్ళెవరని యిప్పుడడిగితే అందరూ బావ పేరే చెపుతారు. నేనూ యిందాక అదే చేశాను చూడండి.

తెల్లారేసరికి గాలి మా జాడలన్నీ మాపేసి, మెట్టని మళ్ళీ కొత్తగా పెట్టేది. కొన మీద మటుకు నల్లటి చారలు తేలేవి. దాన్ని మేం కాటిక యిసక అనేవాళ్ళం. పాడైపోయిన రేడియోలోంచి పీకిన అయస్కాంతం పెడితే కొంత మీసాల్లా లేచి అంటుకునేది. మిగతాది కదలకుండా కూచునేది. ఎందుకో తెలీదు. తెలుసుకోవాలని కూడా అప్పుడనిపించలేదు.

1973లో బావ సైన్యంలో చేరిపోయాడు. మా జిల్లాలో అది కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైన్యంలో మనిషి లేని వూరు తక్కువ. నేను డిగ్రీ పూర్తి చేసి 1975లో వాల్తేరు వొచ్చాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జియాలజీ. మా శాఖని మొదట్లో తీర్చిదిద్దిన సి. మహదేవన్ గారు, సి.వి. రామన్ దగ్గర పనిచేసినవారు, 1948లోనే అప్పటి విశాఖపట్నం జిల్లా తీరపు యిసకలో మోనజైట్ వుందని సహచరుడితో కలిసి వ్యాసం రాశారు. శ్రీకాకుళం వేరే జిల్లా అయింది 1950లో. కనక మా వూరు కూడా ఆ పెద్ద జిల్లాలోదే. మాకు పాఠం చెప్పిన లెక్చరర్ గారు "సెలవులకెళ్ళినప్పుడు మీ మీ వూళ్ళనించి యిసక పట్రండి" అన్నారు. నేను మెట్ట కొనమీదనించి వొక సంచీడు తెచ్చాను.

బ్రోమోఫారం అనే ద్రవంలో యిసక పోస్తే మామూలు యిసక తేలుతుంది, బరువైన ఖనిజాలు అడుక్కి దిగుతాయి. ఆ అడుగుది ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టాను. గులాబీ రంగు గార్నెట్లు, దానిమ్మ గింజలు పగలగొట్టినట్టు. నల్లగా, వెలుతురు సాగనీయని యిల్మెనైట్. సూదుల్లాంటి సిల్లిమనైట్. గాజుకడ్డీల్లాంటి జిర్కాన్. అక్కడో గింజ యిక్కడో గింజ తేనెరంగు మోనజైట్. కాటిక యిసకలో అయస్కాంతానికి లేచింది మాగ్నటైట్, లేవకుండా కూచున్నది చాలావరకు యిల్మెనైట్ అని పదేళ్ళ తరవాత తెలిసింది నాకు. గార్నెట్లూ, సిల్లిమనైటూ వొచ్చింది ఖొండలైట్ రాళ్ళలోంచి. తూర్పు కనుమల్లో వుండే ఆ రాయికి అక్కడి ఖోండుల పేరే పెట్టారు. నాగావళీ, వంశధారా ఒడిశా కొండల్లో పుట్టి, దారిపొడుగునా ఆ రాళ్ళని అరగదీసి, సముద్రానికి అప్పజెపుతాయి. సముద్రం వొడ్డుకి నెడుతుంది. నైరుతి గాలుల కాలంలో అలలు దాన్ని వొడ్డు వెంటే ఉత్తరానికి నడిపిస్తాయి. గాలి మెట్టగా పోస్తుంది. యిన్ని చేతులు మారిన సరుకుమీద మేం తాటి మట్టలు కట్టుకుని జారాం. ఆ రోజు హాస్టలుకి నడిచొస్తూ, ఎవరికైనా చెప్పాలని ఎంతగానో అనిపించి, చివరికి బావకి వుత్తరం రాశాను.

జవాబు రెండు నెలలకి గుల్‌మార్గ్ నించి వొచ్చింది. అక్కడ 1948లో స్కీ స్కూలుగా మొదలుపెట్టిన సైనిక శిక్షణాలయం వుంది. బావని అక్కడికి పంపారట. నా గార్నెట్ల గురించి వొక్క ముక్క లేదు. "యిక్కడా మన మెట్టే వుంది. తెల్లగా వుంటాది. కాలదు గానీ కొరుకుతాది. మట్టలు వీళ్ళే యిస్తారు, పళ్ళు చెక్కే పని లేదు. మొదటి రోజు అందరూ పడ్డారు, నాను పడలేదు. సారు ఎక్కడ నేర్సినావని అడిగితే మన వూరి పేరు సెప్పాను. మ్యాపులో వెతికారు, దొరకలేదు." అదీ వుత్తరం.

1977 నవంబరు 19 తుపాను దివిసీమని తుడిచిపెట్టింది. వేలమంది పోయారు. ఆ తరవాత కోస్తా పొడుగునా సరుగుడు తోటలు నాటించడం జోరందుకుంది. గాలినీ, యిసకనీ ఆపడానికి. మా మెట్టమీద కూడా నాటారు. నాటింది మావాళ్ళే, కూలికి. మొక్కలు బతికేదాకా కుండలతో నీళ్ళు మోసింది మా అమ్మా వాళ్ళే. మంచి పని కాదనడానికి లేదు. అంతకు ముందు యిసక ఏటేటా తోపులోకి జరుగుతూ, వొక నుయ్యి పూడ్చేసింది కూడాను. కానీ మొక్కలున్నచోట పిల్లలు జారకూడదు. మెట్ట అడుగున కంచె వేశారు. కాపలా పెట్టారు. కాపలా మా నాన్నే. తను జారిన మెట్టమీద తన మనవల్ని కర్ర పుచ్చుకుని తరిమేవాడు. ముసిలమ్మ గంప ఎత్తుకుని బస్సుల దగ్గరికి పోయింది. నాలుగైదేళ్ళలో మెట్ట పచ్చబడింది. లోపలికెళితే సముద్రం హోరూ, సరుగుడు హోరూ ఏది ఏదో తెలిసేది కాదు. మా మెట్ట మూతపడ్డది నిజానికి అప్పుడే.

అయినా మెట్ట వుంది. చెట్లకింద వుంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు సరుగుడు రాలు కాలితో తోసి చూస్తే అడుగున ఆ వాలు, ఆ ముప్పైమూడు డిగ్రీలు, తగిలేది.

యిక చెప్పవలసింది చెప్పేస్తాను. మొదటినించీ దీని దగ్గరికి రాకుండా తేగలూ జీళ్ళూ అంటూ తిరుగుతున్నాను.

బీచ్ యిసక ఖనిజాల్లోకి ప్రైవేటు సంస్థలని రానిస్తూ 1998లో కేంద్రం విధానం మార్చింది. యిల్మెనైట్ లోంచి రంగులకి వాడే తెల్లపొడి వస్తుంది, టైటానియం లోహమూ వస్తుంది. గార్నెట్ సానపట్టడానికి పనికొస్తుంది. జిర్కాన్ పింగాణీలకి. కొన్నేళ్ళకి మా తీరానికీ తవ్వకం మాట వొచ్చింది. వూరివాళ్ళు రెండుగా చీలారు. నేనప్పటికి వేరే రాష్ట్రంలో సర్వే వుద్యోగంలో, తలపండి, సెలవుమీద వూళ్ళో వున్నాను. "మనోడు చదువుకున్నోడు, ఆడు సెప్తాడు" అని బడి ఆవరణలో షామియానా వేసి కూచోబెట్టారు. నన్నెవరూ కొనలేదు. నాకెవరూ పైసా యివ్వలేదు. యిస్తే యిప్పుడు నాకు తిట్టుకోడానికి వీలుగా వుండేది.

నాకు తెలిసింది చెప్పాను. యిసక తవ్వి, నీళ్ళతో కలిపి సర్పిలాకారపు తొట్లలో పారిస్తే బరువైనవి లోపలి అంచుకీ, తేలికవి బయటికీ వేరవుతాయని, తరవాత అయస్కాంతాలతోటీ విద్యుత్తుతోటీ విడదీస్తారని, నూటికి పదిహేనో యిరవయ్యో పాళ్ళు పోగా మిగిలిన యిసకంతా తిరిగి అక్కడే పోసి, చదును చేసి, మొక్కలు నాటుతారని. మోనజైట్‌లో థోరియం వుంటుంది, అది ప్రభుత్వం చేతిదని. వివరంగా, నల్లబల్లమీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అందులో అబద్ధం వొక్కటి లేదు.

వెనక వరసలో బావ లేచాడు. అప్పటికి పింఛను తీసుకుని వూళ్ళోనే వున్నాడు. మీసాలు నెరిశాయి. నిటారుగా నిలబడి, "మెట్ట మల్లీ అలాగే వుంటాదా? పిల్లలు జారతానికి పనికొస్తాదా?" అన్నాడు.

అందరూ నవ్వారు. పాతికేళ్ళుగా అక్కడ ఎవరూ జారిందే లేదు. ఉద్యోగాల గురించీ, నీళ్ళ గురించీ అడగవలసిన చోట ఆ ప్రశ్నేమిటని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, "బావా, పరిమాణంలో పెద్ద తేడా వుండదు" అన్నాను.

"సరేనండి. మీరు సదువుకున్నోరు" అని కూచున్నాడు.

మా వేపు మేనబావలు వొకర్నొకరు "ఒరే" అనుకుంటారు, మరీ కోపమొస్తే బూతులు తిట్టుకుంటారు. మా బావ నన్ను "మీరు" అనడం అదే మొదలు.

తవ్వకం మొదలయ్యాక వూళ్ళో డబ్బు కనబడ్డది. మా బావ కొడుక్కే మిషను మీద పని దొరికింది, డాబా వేశాడు. ఆ డాబా అరుగుమీదే బావ కూచునేవాడు. కనక ఎవర్నీ అనడానికి లేదు. చెప్పినట్టే యిసక తిరిగొచ్చింది. నీళ్ళతో బురదలా వొచ్చి, సమంగా పరుచుకుని, ఆరింది. చదును చేశారు. మొక్కలు నాటారు. నేను బొమ్మలో గీసిందానికీ దానికీ వీసమెత్తు తేడా లేదు. లేనిదల్లా మెట్ట. గాలి గింజ గింజా ఏరి, సన్నదీ లావుదీ వేరుచేసి, వందలేళ్ళు పోసిన వాలుని గొట్టంతో పొయ్యలేరు. యిది జియాలజీ మొదటి సంవత్సరం పాఠం. ఆ బడి ఆవరణలో బావ అడిగింది సరిగ్గా అదే. నేను పరిమాణం చెప్పాను, అతను ఆకారం అడిగాడు.

2011లో మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళాం. మాసచూసెట్స్‌లో వుంటాడు. వాళ్ళ పక్కింటాయన, నా యీడువాడు, వొకరోజు నన్ను దగ్గర్లోని అడివిలోకి నడిపించుకుపోయాడు. గుట్ట వాలులో బర్చి చెట్ల మధ్య వొక తుప్పుపట్టిన యినప చక్రం స్తంభానికి వేలాడుతోంది. వొకప్పుడు దానిమీదుగా తాడు తిరుగుతుంటే, పిల్లలు ఆ తాడు పట్టుకుని గుట్ట ఎక్కి, మంచుమీద జారుతూ దిగేవాళ్ళట. ఆ దేశంలో అలాంటి మొదటి తాడు 1934లో వెర్మాంట్‌లోని వుడ్‌స్టాక్‌లో, వొక రైతు పొలంలో, ఫోర్డ్ మోడల్ టి కారు యింజనుతో తిప్పారు. తరవాత వూరూరా పుట్టుకొచ్చాయి. మళ్ళీ వందల సంఖ్యలో మూతపడ్డాయి. పెద్ద కొండలకి రోడ్లు పడ్డాయి, భీమా ఖర్చులు పెరిగాయి, కొన్నేళ్ళు మంచే సరిగ్గా కురవలేదు. మూతపడ్డవాటి పేర్లన్నీ వూరివారీగా రాసి పెట్టుకునేవాళ్ళు కూడా వున్నారక్కడ. ఆయన ఆ చక్రంమీద చెయ్యివేసి చాలాసేపు నిలబడ్డాడు. "మీ దేశంలో మంచు లేదు కదా, మీకిది విచిత్రంగా వుంటుంది" అన్నాడు. నేను తాటి మట్టల గురించి చెప్పాను. నా యింగ్లీషులో తాటి మట్ట ఎలా చెప్పానో నాకే తెలీదు. పిక్కమీద మచ్చ చూపించాక అర్థమైంది ఆయనకి. తన మోచేతిమీది మచ్చ చూపించాడు. ఆయనకి చక్రమైనా మిగిలింది కదా అని అసూయపడ్డాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ, జీడిమామిడీ నేలమట్టమయ్యాయి. మా వూరు అంచునుంది కనక ప్రాణాలకేమీ కాలేదు. మర్నాడు బావ ఫోను చేశాడు. అంతా క్షేమమేనా అంటే క్షేమమే అన్నాడు. కాసేపాగి, "గాలి నేరుగా యింట్లోకొస్తందండి" అన్నాడు. అంతే. పెట్టేశాడు. ఆ "అండి" నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. మర్నాటి ఏడాది, 2019లో, కేంద్రం నిబంధనలు మళ్ళీ మార్చి, యీ ఖనిజాలు ప్రైవేటువాళ్ళ చేతిలో వుండరాదని తేల్చింది. అప్పటికి మా మెట్టకి తేలవలసింది తేలిపోయింది.

మొన్న సంక్రాంతికి వూరెళ్ళాను. కనుమనాడు సాయంత్రం బావ యింటికెళితే లేడు. సముద్రపొడ్డుకి పోయాడన్నారు. డెబ్బై దాటిన మనిషి. తోపులో కొన్ని చెట్లే మిగిలాయి. వాటిని దాటి నడిచాను. బావ అలలకి పైగా, పాత కంచె కొయ్యల దగ్గర గొంతుకూచుని వున్నాడు. ఆ కొయ్యలకి బాలబంద తీగ అల్లుకుంది. దాని చుట్టూ, దాని వెనకా, యిసక పోగుపడుతోంది. మోకాలెత్తు వుంటుందేమో. సముద్రం వేపు వాలుగా, వూరి వేపు నిటారుగా. కొనమీద సన్నగా కాటిక చార.

నేనూ పక్కన కూచున్నాను. చాలాసేపు మాటల్లేవు. చివరికి, "ఆ రోజు నువ్వడిగిందానికి నేను చెప్పింది జవాబు కాదు బావా" అన్నాను. అనడానికి దాదాపు యిరవయ్యేళ్ళు పట్టింది.

బావ నాకేసి చూడలేదు. బొటనవేలితో ఆ యిసక అంచు తడిమాడు. గుప్పెడు జారింది. చప్పుడు రాలేదు, అంత లేదు మరి.

"ఒరే" అన్నాడు. "యిది జారతానికి పనికొచ్చేసరికి ఎన్నేళ్ళు పడతాది?"

నేను లెక్క వేశాను. గాలి దిక్కులూ, తీగ పెరిగే తీరూ, సముద్రం కోత, మళ్ళీ ఎవరూ తవ్వకపోతే, మళ్ళీ ఎవరూ చదును చెయ్యకపోతే, అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆపడం తెలీదని ముందే మనవి చేశాను కదా. బావ వింటున్నాడో లేదో తెలీలేదు. చివరికి, "మన మునిమనవలు కూచుని జారొచ్చేమో బావా. నిలబడి జారాలంటే యింకా పడుతుంది" అన్నాను.

మోకాళ్ళమీద చేతులాన్చి లేచాడు. తోపు వేపు చూశాడు.

"అయితే కొబ్బరి మట్ట సాలు" అన్నాడు.